బట్టీ పట్టిన వేళ్ళు

ఎర్రయ్య చెవికి ఖరగ్‌పూర్‌లో ఒకప్పుడు పేరుండేది. మనిషికి అంత పేరు లేదు, చెవికే. పొడుగు పిడి సుత్తి పట్టుకుని, వచ్చి ఆగిన ప్రతి బండి పక్కనా నడుస్తూ, ఒక్కో చక్రాన్నీ ఒక దెబ్బ కొట్టి వినడం అతని ఉద్యోగం. ముప్పై నాలుగేళ్ళు విన్నాడు. మంచి చక్రాన్ని కొడితే లోపలెక్కడో నిద్రపోతున్న నీళ్ళు లేచి వలయాలుగా విచ్చుకున్నట్టు మోగుతుంది. బీట పడ్డ చక్రం టప్పుమని ఊరుకుంటుంది. అలా ఊరుకున్న చక్రం మీద జేబులోని సుద్దముక్కతో అడ్డంగా రెండు గీతలు గీస్తే, ఆ బోగీని విడదీసి సిక్ లైన్‌లో పెట్టేవాళ్ళు. సిక్ లైన్ అంటే తుక్కుకి పంపడం కాదు. పక్కకి తీసి, బాగుచేసి, మళ్ళీ ఏదో ఒక బండికి తగిలించడం.

అతని తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి వర్క్‌షాపులో కొలిమి దగ్గర చేరాడు. తండ్రి బోగీల కింద పడుకుని బోల్టులు బిగించాడు. "మూడు తరాలకి మావోళ్ళు బోగీ కింద్నించి పక్కకొచ్చినారు. ఇంకో మూడు తరాలాగితే లోపల సీటు దొరుకుతాది," అని టీ కొట్టు దగ్గర చెప్పి ముందు తనే నవ్వేవాడు. తన మీద తను వేసుకున్న జోకుకి ఎదుటివాడు ఆలస్యంగా నవ్వితే ఎర్రయ్యకి నచ్చదు.

అతనికి ఇంకో పేరు కూడా ఉంది, అది కాస్త గుట్టుగా చెప్పుకోవాల్సింది. రైల్వే మెడికల్ అంటే ఆ కాలనీల్లో దేవుడి కంటే ఎక్కువ భయం. తలనొప్పి ఉందా? లేదు సార్. నిద్ర పట్టడం లేదా? లేదు సార్. కళ్ళు తిరుగుతాయా? లేదు సార్. ఒక్క ప్రశ్నకి 'అవును' అన్నవాణ్ణి అన్‌ఫిట్ చేసి, తీసుకెళ్ళి ఏదో స్టోర్‌రూంలో కూర్చోబెడతారు. అందుకని అక్కడి మనుషులకి 'లేదు' అన్నది జవాబు కాదు, ఊపిరి. దానికి తోడు రంగు చుక్కల పుస్తకం ఒకటుంటుంది. ఆకుపచ్చ చుక్కల మధ్య ఎర్రచుక్కల్లో దాక్కున్న అంకెలు చదవాలి. సుభాష్‌పల్లిలో ఎర్రయ్య ఇంటి అరుగు మీద కూర్చుని ఆ అంకెలు పేజీల వరసన బట్టీ పట్టినవాళ్ళు కనీసం యాభై మంది ఉంటారు. పన్నెండు, ఎనిమిది, ఆరు, ఇరవైతొమ్మిది. వాళ్ళలో కొందరికి నిజంగానే రంగులు బాగా కనిపించేవి. అయినా బట్టీ పట్టారు. దాన్ని ఎర్రయ్య మోసం అనడు, ప్రిపరేషన్ అంటాడు.

అతను రిటైరయిన మూడో ఏడు, హిజ్లీలోని పెద్ద కాలేజీ క్యాంపస్ నుంచి కిరణ్మయి అనే అమ్మాయి సైకిలు తొక్కుకుంటూ, ఎర్రయ్య రోజూ కూర్చునే ఖరిదాలోని తెలుగువాళ్ళ లైబ్రరీకి వచ్చింది. గుంటూరు పిల్ల. అక్కడ మనస్తత్వం మీద పరిశోధన చేస్తోంది. చనిపోవాలన్న ఆలోచనతో నలుగుతున్నవాళ్ళని డాక్టరు నేరుగా అడిగితే చాలామంది ఏమీ లేదంటారని, ఇంటికెళ్ళాక ప్రాణం మీదికి తెచ్చుకుంటారని, నోరు దాచినదాన్ని వేళ్ళు పట్టిస్తాయేమో చూసే పరీక్ష ఒకటి ఉందని చెప్పింది. దాన్ని ఇక్కడి రైల్వే తెలుగువాళ్ళకి తగినట్టు తయారు చేస్తోందట. ఒక ధర్మాసుపత్రి మేడ మీద, గురువారం పూట మనసు డాక్టరు కూర్చునే చోట, రోగులతో పాటు మామూలు మనుషులకి కూడా పెట్టి పోల్చి చూడాలి.

"మీకు తెలిసిన పెద్దవాళ్ళని తీసుకొస్తారా, అంకుల్?"

"మామూలు మనుసులంటే మావోళ్ళలో దొరకడం కష్టమేనమ్మా. సూస్తాను," అన్నాడు ఎర్రయ్య. చూశాడు. పదకొండు మందిని తెచ్చాడు, అందరూ రిటైరయిన రైల్వేవాళ్ళే. తను పన్నెండో వాడు. అసలు ఒకటోవాడు, ఎందుకంటే ముందు కుర్చీలో తనే కూర్చున్నాడు.

పరీక్ష చూడ్డానికి పిల్లల ఆటలా ఉంది. లాప్‌టాప్ తెర మీద ఒక్కో మాట వస్తుంది. ఎడమ చూపుడువేలు ఒక మీట మీద, కుడి చూపుడువేలు ఇంకో మీట మీద. మొదటి విడతలో 'నేను', 'నాది' లాంటి మాటలు వచ్చినా, 'ఊపిరి', 'బతుకు' లాంటివి వచ్చినా ఎడమ మీటే నొక్కాలి. 'వాళ్ళు', 'చావు', 'శవం' వస్తే కుడి మీట. రెండో విడతలో తిరగేస్తారు. ఇప్పుడు 'నేను' అన్నా 'చావు' అన్నా ఎడమ మీట, 'వాళ్ళు' అన్నా 'బతుకు' అన్నా కుడి మీట. ఏ జోడీకి వేలు తడుముకోకుండా పోతుందో యంత్రం సెకనులో వెయ్యో వంతుతో సహా రాసుకుంటుంది. మామూలుగా మనిషి వేలు 'నేను'నీ 'బతుకు'నీ ఒకచోట చేర్చడానికే తొందరపడుతుంది.

ఎర్రయ్య నొక్కాడు. అయిపోయాక కిరణ్మయి తెర తన వైపు తిప్పుకుని చూసింది. ఆమె ముఖం మారలేదు. మారకుండా ఉంచడానికి ఆ పిల్ల పడ్డ కష్టం మాత్రం అతనికి కనిపించింది. చక్రం టప్పుమన్నప్పుడు, కిటికీలోంచి చూస్తున్న ప్యాసింజర్ల ముందు తనూ ముఖాన్ని అలాగే పెట్టేవాడు.

"అంకుల్, ఫారంలో అడిగినవి కొన్ని మళ్ళీ నోటితో అడుగుతాను, పర్లేదా?"

"అడగమ్మా. మెడికల్‌కి నాను కొత్తోడినేటి."

"ఈ మధ్య ఎప్పుడైనా బతకాలని..."

"లేదు."

ప్రశ్న ఇంకా సగంలో ఉంది. ఆమె అడిగిన మిగతా నాలుగు ప్రశ్నలకీ ఎర్రయ్య జవాబులు అదే వేగంతో, కొన్నిసార్లు ప్రశ్న కంటే ముందే, వచ్చేశాయి.

"ఎలా మోగిందమ్మా నా సక్రం?" అన్నాడు చివరికి.

"ఇది జాతకం కాదు, అంకుల్. ఒక్క అంకె పట్టుకుని ఒక్క మనిషి గురించి ఏమీ చెప్పలేం. నిద్ర చాలకపోయినా తేడా రావచ్చు. కానీ ఒక గీత దాటితే మాట్లాడి తీరాలని మేం నియమం పెట్టుకున్నాం. పక్క గదిలో డాక్టర్ ప్రశాంతిగారున్నారు. పది నిమిషాలు కూర్చుంటారా?"

"నా ఏళ్ళు సుత్తి పట్టిన ఏళ్ళమ్మా. ఈ బొత్తాలు సిన్నవి. అంతే," అని చేతివేళ్ళు చాపి చూపించాడు.

కిరణ్మయి వాదించలేదు. వచ్చే గురువారం అందరికీ మళ్ళీ పరీక్ష ఉంటుందంది. రోజూ ఒకసారి ఫోన్ చేస్తానని, వద్దన్నా చేస్తానని చెప్పింది. ఏ వేళలోనైనా మాట్లాడే మనుషులుండే నంబరు ఒక చీటీ మీద రాసిచ్చింది. ఎర్రయ్య దాన్ని ఇప్పటికీ సుద్దముక్క ఉండే జేబులోనే వేసుకున్నాడు.

ఇంటికి నడుస్తుంటే ఎండ రోడ్డు మీద పలచటి నీళ్ళలా ఊగుతోంది. అమ్మాయికి చెప్పనిది అతనికి తెలుసు. బొత్తాలు చిన్నవి కావు.

ఉద్యోగంలో చివరి రెండేళ్ళు అతని కుడిచెవి పనిచేయలేదు. ఊళ్ళో పేరున్న ఆ చెవే. మొదట చక్రాల మోత దూరంగా, పొగమంచుకి అవతల మోగినట్టు ఉండేది. తర్వాత పొగమంచే మిగిలింది. మెడికల్‌లో అడిగినప్పుడు ఏమన్నాడో చెప్పనక్కర్లేదు. ఎడమచెవి ముందుకు తిప్పి నెట్టుకొచ్చాడు. ఒక వానాకాలం మధ్యాహ్నం, రేకుల మీద వాన దరువేస్తుండగా, ఒక చక్రాన్ని కొట్టి, మోగిందనుకుని ముందుకెళ్ళిపోయాడు. నాలుగు రోజుల తర్వాత వేరే ఊరి షెడ్డులో యంత్రం ఆ చక్రంలో బొటనవేలంత బీటని పట్టుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు. ఎవరూ అతన్ని అడగనూ లేదు. నాలుగు రోజులు ఆ చక్రం మీద ఎంతమంది నిద్రపోతూ, పల్లీలు తింటూ, పిల్లల్ని జోకొడుతూ వెళ్ళారో ఎర్రయ్య ఒక్కడే ఊహించుకున్నాడు.

అప్పటినుంచి ఒక మాట వచ్చి పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. టీ తాగుతుండగా వస్తుంది. జోకు చెప్పి నవ్వుతుండగా వస్తుంది. నువ్వు లేకపోతే ఏటవుతాది ఎర్రయ్యా, అంటుంది. గట్టిగా కూడా అనదు, చుట్టంలా అంటుంది. మొదట్లో వచ్చి పోయేది. ఈ మధ్య రోజూ వస్తోంది, వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుంటోంది. దాన్ని లేపడానికి అతను ఇంకా ఎక్కువ జోకులు చెబుతున్నాడు.

ఇలాంటి మనిషికి యంత్రం ఒకటి నీలో బీట ఉందేమో చూసుకో అంటే ఏం చేయాలి? ముప్పై నాలుగేళ్ళు బీటలే వెతికినవాడికి తెలిసి ఉండాలి. ఎర్రయ్య ఇంటికెళ్ళి, రెండు స్టీలు గ్లాసులు అరుగు మీద బోర్లించి, ప్రిపరేషన్ మొదలుపెట్టాడు.

మాటల జాబితా కష్టం కాలేదు. ఆ సాయంత్రం పన్నెండు మందీ టీ కొట్టు దగ్గర నిలబడి, తలా నాలుగు మాటలు గుర్తు తెచ్చుకుని, పాత టైంటేబుల్ వెనకాల రాసేశారు. డిపార్ట్‌మెంటు పరీక్షలకి వాళ్ళకది అలవాటే. మూడిళ్ళ అవతల ఉండే రిటైర్డ్ ఫిట్టరు సుందర్ రాజు కళ్ళజోడు పెట్టుకుని జాబితా చదివాడు. అరుగు చివర ఎర్రయ్య భార్య గంగాభవాని దొండకాయల్లాంటి పటోల్ కాయల చెక్కు గీకుతోంది.

"ఊపిరి," అన్నాడు సుందర్ రాజు.

ఠంగ్. ఎడమ గ్లాసు.

"శవం."

ఠంగ్. కుడి గ్లాసు.

"నాది."

ఎర్రయ్య వేలు గాల్లో ఆగింది. తర్వాత ఎడమ గ్లాసు మీద పడింది.

"లేటు. బండెల్లిపోయింది బావా," అన్నాడు సుందర్ రాజు. "సర్వీసులో ఇంత సదివుంటే ఈపాటికి నువ్వు పెద్దాఫీసరు."

"నాను ఆఫీసరైతే సుత్తెవడు కొడతాడు, నువ్వా. నువ్వు కొడితే సక్రం సిగ్గుపడతాది. సదువు."

గంగాభవాని కత్తి ఆపింది. "ఏటయ్యా ఈ వాయింపు. మాతా పూజ పందిట్లో కూడా ఇంత మోత లేదు."

"పరీచ్చ," అన్నాడు ఎర్రయ్య.

"దేనికి."

"మనసుకి."

"మనసుకి గ్లాసులెందుకు."

సుందర్ రాజు కళ్ళజోడు పైకి తోసుకుని వివరించాడు. "బుర్రలో దాసినది ఏళ్ళు సెప్పేస్తాయంటక్కా. మనం సెప్పకపోయినా."

"అందుకని ఏళ్ళకి కూడా అబద్దం నేర్పుతున్నారా."

గంగాభవాని ఇంకో కాయ తీసుకుంది. "నీ సక్రాలు కూడా ఇలాగే ఇంటికాడ మోగడం నేర్సుకుని వచ్చుంటే, ఎన్ని బళ్ళు పడిపోయుండేవో."

సుందర్ రాజు నవ్వాడు. ఎర్రయ్య అంతకంటే గట్టిగా, అంతకంటే ఎక్కువసేపు నవ్వాడు.

కిరణ్మయి రోజూ ఫోన్ చేసింది, ఎర్రయ్య రోజూ ఒక జోకు చెప్పి పెట్టేశాడు. ఐదో రోజు సుందర్ రాజు మందుల కోసం ఆసుపత్రి లైన్లో నిలబడాల్సి వచ్చింది. జాబితా గంగాభవాని చేతికొచ్చింది. ఈసారి ఆమె ఎర్రయ్యకి కుడిపక్కన కూర్చుని, పక్కింటి దీదీకి వినపడకుండా మెల్లగా చదివింది.

"బతుకు."

ఎర్రయ్య గ్లాసుల వైపు చూస్తూ ఆత్రంగా కూర్చున్నాడు.

"బతుకు," అంది మళ్ళీ.

అతను చిరునవ్వు పెట్టుకుని ఎదురు చూస్తూనే ఉన్నాడు. గంగాభవాని లేచింది. వెనకనుంచి నడిచి ఎడమపక్కకి వెళ్ళి, అదే గొంతుతో అదే మాట అంది. ఠంగ్. మళ్ళీ కుడిపక్కకి వచ్చి ఇంకో మాట అంది. ఏమీ లేదు. ఎడమపక్కకి వెళ్ళింది. ఠంగ్. సుత్తి లేకుండానే ఆమె అతన్ని రెండుపక్కలా కొట్టి చూసింది.

"ఎన్నాళ్ళయింది?" అంది ఎడమచెవి దగ్గర.

"ఏటి."

"కుడిసెవి."

"లేదు," అన్నాడు ఎర్రయ్య.

గంగాభవాని అతని ముఖంలోకి చూసింది. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో ఆ 'లేదు'ని ఆమె చాలాసార్లు విన్నది. జ్వరంలో విన్నది, అప్పన్న చనిపోయినప్పుడు విన్నది. అప్పన్న అతని తమ్ముడు. "సర్వీసులో ఉండగానేనా?" అని అడిగింది. అతను రెండు గ్లాసులూ ఒకదాంట్లో ఒకటి పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. ఆమె జాబితా మడిచి రవికెలో పెట్టుకుంది.

"గురువారం నానూ వస్తాను."

"నీకెందుకు."

"నీ ఏళ్ళు సెప్తాయన్నారు కదా. ఇని వస్తాను."

గురువారం ఉదయం మేడ మీది వరండాలో బెంచీ నిండా రైల్వేవాళ్ళే. అందరూ మోకాళ్ళ మీద వేళ్ళు ఆడిస్తున్నారు. ఒక్కొక్కరే లోపలికెళ్ళి, ఫస్ట్ క్లాస్ అంటూ బయటికొస్తున్నారు. ఎర్రయ్య ఈసారి కావాలనే చివర వెళ్ళాడు. తెర మీద మాట కనిపించీ కనిపించకముందే వేలు పడింది. 'నేను' ఎడమ. 'ఊపిరి' ఎడమ. 'చావు' కుడి. తిరగేసిన విడతలో మాత్రం, గ్లాసుల మీద సాధన చేసినట్టే, తెలివిగా తడుముకున్నాడు.

కిరణ్మయి తెర చూసి గట్టిగా ఊపిరి వదిలింది. తర్వాత నుదురు రుద్దుకుంది. "వారం రోజుల్లో మీ పన్నెండు మందికీ బతుకు మీద ఇంత ప్రేమ ఎలా పుట్టుకొచ్చిందో నాకు అర్థం కావట్లేదు, అంకుల్. కానీ మీది... బాగానే వచ్చింది."

"ఫిట్టేనా?"

"ఆ మాట మేం వాడం. కానీ గీత దాటలేదు."

ఎర్రయ్య లేచాడు. చుక్కల పుస్తకం మూసేసి, కాగితం మీద ముద్ర కొట్టించుకుని బయటపడ్డప్పుడల్లా ఒళ్ళు తేలిపోయేది. ఆ తేలిక కోసం తలుపు దాకా ఎదురుచూస్తూ నడిచాడు. అది రాలేదు. తలుపు సందులోంచి వరండా కనిపించింది. బెంచీ ఖాళీ అయింది. గంగాభవాని ఒక్కతే కూర్చుని ఉంది, ఒళ్ళో అతని కోసం కొన్న ముడీ, అంటే మరమరాల, పొట్లంతో. తలుపు వైపే చూస్తోంది. ఫస్ట్ క్లాస్ అని చెప్పాలి ఇప్పుడు. చెబితే ఆమె నమ్మదు, కానీ పొట్లం విప్పుతుంది. ఇద్దరూ ముడీ తింటూ ఇంటికి నడుస్తారు. నువ్వు లేకపోతే ఏటవుతాదనే ఆ మాట కూడా వాళ్ళతో పాటు నడుస్తుంది, అతనికి వినపడే పక్కన.

నీ సక్రాలు కూడా ఇలాగే మోగడం నేర్సుకుని వచ్చుంటే, అంది కదా ఆమె అరుగు మీద.

బీట పడ్డ చక్రాన్ని మోగిందని రాసి పంపించడం జీవితంలో ఇది రెండోసారి అవుతుంది. మొదటిసారి వాన చాటు ఉంది. ఈసారి ఎర్రయ్య రెండు స్టీలు గ్లాసులు పెట్టి, వారం రోజులు కష్టపడి, చక్రానికి మోగడం తనే నేర్పాడు. ఇంత పనితనం సర్వీసులో చూపించి ఉంటే నిజంగానే ఆఫీసరయ్యేవాడు.

వెనక్కి వచ్చి కూర్చున్నాడు.

"అమ్మా, నువ్విలా ఎడంపక్కకి వచ్చి కూర్సో."

కిరణ్మయి కుర్చీ ఎత్తుకుని వచ్చి ఎడమవైపు వేసుకుంది.

"ముందు మా పన్నెండుమంది లెక్కలూ కొట్టెయ్. బట్టీ పట్టేసినాం. మాటలన్నీ టైంటేబుల్ వెనకాల రాసుకున్నాం. తప్పు నాదే, నేర్పినోణ్ణి నానే. నువ్వు సదువుకున్నదానివి, మావంటోళ్ళకి పరీచ్చ పెట్టేముందు మా గురించి కాస్త సదువుకోవాలి కదమ్మా."

నాలుగు నెలల పని కిరణ్మయి కళ్ళలో ఒక్కసారి మెరిసి పడిపోవడం అతను చూశాడు. నవ్వాలో ఏడవాలో తెలియని ముఖంతో ఆమె లాప్‌టాప్ మూసేసింది.

"అది తర్వాత చూద్దాం, అంకుల్. ఇంకేదో చెప్పాలనుకుంటున్నారు మీరు."

"ఆ ప్రశ్న మళ్ళీ అడుగు."

"ఈ మధ్య ఎప్పుడైనా, బతకాలని లేదని, మీరు లేకపోతేనే నయమని, మీకు అనిపించిందా?"

ప్రశ్నని చివరిదాకా వినడం ఇదే మొదటిసారి. అది ఇంత పొడుగుందని, మధ్యలో మనిషి కూర్చోవడానికి చోటుందని, అతనికి తెలియదు. నాలుక అలవాటుగా 'లే' దాకా వెళ్ళింది. దాన్ని పట్టుకుని ఆపడం, వేగంగా పోతున్న బండిని చేత్తో ఆపినట్టుంది.

"అనిపిస్తన్నాది," అన్నాడు. "రోజూ."

మాట టప్పుమని పడింది. పగిలిన చక్రం మోత. వలయాలు లేవు, ఏమీ లేవు. ఇన్నాళ్ళకి ఎర్రయ్య చెవి ఒక బీటని సరిగ్గా పట్టింది. ఇందులో పొంగిపోవడానికి ఏముందో తెలియదు గానీ, అతనికి కాస్త గర్వంగానే అనిపించింది.

కిరణ్మయి భయపడలేదు. ఎప్పటినుంచి అని అడిగింది, మంచినీళ్ళిచ్చింది, ఇవాళ ఒంటరిగా వదలం అంది. డాక్టరుగారితో ఇప్పుడే మాట్లాడదామా, మీతో ఎవరైనా వచ్చారా అని అడిగింది. అతను తలుపు వైపు చూపించాడు. గంగాభవాని పొట్లంతో సహా లోపలికి వచ్చి, అడగకుండానే ఎడమపక్కన నిలబడింది. అప్పుడు చక్రం సంగతి చెప్పాడు. వాన, రేకులు, బొటనవేలంత బీట, నాలుగు రోజులు. చెబుతున్నంతసేపూ ఒక్క జోకూ దొరకలేదు. రెండుసార్లు వెతుక్కున్నాడు.

"ఇంత మోసుకుని నాకాడ జోకులేసినావా," అంది గంగాభవాని. గొంతు కరకుగానే ఉంది. చెయ్యి మాత్రం అతని భుజం మీద నుంచి తీయలేదు.

పక్క గదిలోంచి డాక్టర్ ప్రశాంతి వచ్చి పేరు రాసుకుంది. కొత్త ఫారం ముందు పెట్టి, మీ చేత్తో మీరే నింపండి, తొందరేం లేదు అంది. ఎర్రయ్య జేబు తడిమితే కిరణ్మయి రాసిచ్చిన చీటీ వచ్చింది, దాంతో పాటు సుద్దముక్క వచ్చింది. కాగితం మీద దాంతో గీసి చూశాడు. తెల్ల కాగితం మీద తెల్ల సుద్ద, ఏమీ పడలేదు. కిరణ్మయి పెన్ను అందించింది.

మొదటి ప్రశ్న పక్కన రెండు గళ్ళున్నాయి. అతను 'అవును' గడిలో అడ్డంగా రెండు గీతలు గీశాడు, చక్రం మీద గీసినట్టే, అవసరమైనదానికంటే పెద్దగా.

"సిక్ లైన్‌లో పెట్టండి, డాక్టరమ్మా," అన్నాడు. "తుక్కుకైతే మా ఆవిడ సంతకం పెట్టదు."

"ముందా ముడీ తిను," అంది గంగాభవాని. "మెత్తబడిపోతన్నాది."